పూత చూసి పాడే పాట

2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు పాడుకుంది. అప్పటికి ఆ లీగులో ఎవరి మీదా అంత పాట పడలేదు. ఆ సీజన్లో టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి రెండు గెలిచింది. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. మా కాశీబుగ్గలో టీకొట్ల దగ్గర ఇప్పటికీ కబడ్డీ మాటొస్తే ఎవడో ఒకడు అంటాడు: "అంతేసి డబ్బులెట్టి ఏటి కొన్నార్రా బాబూ! ఆ డబ్బుతో పది ఎకరాల తోటొచ్చును."

ఎక్కువ పెట్టారన్న మాట నిజమే. దానికి వాళ్లు చెప్పే కారణం మాత్రం తప్పు. పవన్ ఆడలేదనీ, అందుకే డబ్బు దండగయిందనీ అంటారు. పవన్ ఆడాడు. ఆ సీజన్లో ఒక్కడే 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. మొత్తం లీగులోనే ఆ గీత దాటినవాళ్లు కొద్దిమంది. డబ్బు పోయింది ఆయన దగ్గర కాదు. ఎక్కడ పోయిందో చెప్పాలంటే ముందు నా వ్యాపారం గురించి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే వేలంపాట నాకు టీవీలో చూసి తెలిసింది కాదు.

నేను ఉద్దానంలో జీడితోటల ఫలసాయం కొంటాను. వజ్రపుకొత్తూరు, మందస వైపు తోటలెక్కువ. పుష్యమాసంలో చెట్టు పూతకొస్తుంది. పూత మీదుండగానే తోటగలవాడు ఆ ఏడాది కాపు అమ్మేస్తాడు. కొనేవాళ్లం నలుగురైదుగురం తోటంతా తిరిగి, కొమ్మ వంచి చూసి, చెట్ల వయసు అడిగి, ఎవడి మనసులో వాడు లెక్కేసుకుంటాం. ఎనభై కిలోల బస్తాలు ఎన్ని దిగుతాయి, పలాస ఫ్యాక్టరీలవాళ్లు బస్తాకి ఎంత పెడతారు. పిక్కలు రాలేది మార్చి దాటాకే. ఈలోగా మంచు పట్టి పూత మాడొచ్చు, టీ దోమ తగలొచ్చు. డబ్బు మాత్రం ఇప్పుడే ఒప్పుకోవాలి.

ఒక తోటకి ఐదుగురం వెళ్లామనుకోండి. ఒకడు పది బస్తాలంటాడు, ఒకడు పదకొండు, ఇంకొకడు పన్నెండు, మరొకడు పదమూడు. ఐదోవాడు పదహారు. వీళ్లలో పిచ్చివాడెవడూ లేడు, అందరూ ఈ పనిలో తలలు నెరిసినవాళ్లే. అందరి లెక్కలూ కలిపి చూస్తే నిజమైన కాపు పన్నెండు దగ్గర ఉంటుంది. పాట మాత్రం పదహారు అన్నవాడికే పోతుంది. అంటే తోట దక్కేది బాగా లెక్కేసినవాడికి కాదు, అందరికంటే ఎక్కువ ఆశపడ్డవాడికి. గెలిచిన క్షణంలో అతనికి తెలియాల్సింది ఒక్కటే, మిగతా నలుగురూ తనకంటే తక్కువే అనుకున్నారని. అది తెలిసేసరికి పాట అయిపోతుంది.

ఇది ఉద్దానం కనిపెట్టిన సంగతేం కాదు. 1971లో అమెరికాలో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ అనే చమురు కంపెనీ ఇంజినీర్లు ముగ్గురు, కేపెన్, క్లాప్, కాంప్‌బెల్, ఒక వ్యాసం రాశారు. మెక్సికో సింధుశాఖలో సముద్రం అడుగున చమురుందని వేలంలో బ్లాకులు పాడుకున్న కంపెనీలకు అనుకున్న లాభం ఎందుకు రావడం లేదని వాళ్ల ప్రశ్న. జవాబు నేను పైన చెప్పిందే. తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ దీన్ని పట్టుకుని అమెరికన్ ఫుట్‌బాల్ దాకా తీసుకెళ్లాడు. కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే క్రమంలో ముందు వరసలో ఉన్నవాళ్ల కోసం జట్లు ఎంత ఎక్కువ వదులుకుంటాయో కేడ్ మాసీతో కలిసి లెక్కగట్టాడు.

ఇప్పుడు కబడ్డీకొద్దాం. 2014లో మొదటి ప్రో కబడ్డీ వేలంలో అందరికంటే ఎక్కువ పలికినవాడు రాకేశ్ కుమార్, పట్నా పైరేట్స్ ఆయనకు పెట్టింది 12 లక్షల 80 వేలు. నాలుగేళ్లు తిరిగేసరికి, 2018లో, హరియాణా స్టీలర్స్ మోనూ గోయత్‌కి కోటీ 51 లక్షలు పెట్టింది. ఆ ఏడాది ఆ జట్టు తన జోన్‌లో అట్టడుగున నిలిచింది. అదే 2018లో యు ముంబా సిద్ధార్థ్ దేశాయ్ అనే కొత్త కుర్రాణ్ని 36 లక్షల 40 వేలకు తీసుకుంది. అతను ఆ సీజన్లో చెలరేగిపోయాడు. మరుసటేడు వేలంలో మన టైటాన్స్ అతని మీద కోటీ 45 లక్షలు పాడింది. కుర్రాడు అదే, కాళ్లూ చేతులూ అవే. ఒక్క ఏడాది కాపు చూసి ధర నాలుగింతలైంది.

దేశాయ్ మోసం చెయ్యలేదు. 2019లో కూడా 200 పాయింట్లు దాటించాడు. జట్టు పదకొండో స్థానంలో ఆగింది. తర్వాతి వేలంలో మళ్లీ కోటీ 30 లక్షలు పెట్టి అతన్నే ఉంచుకున్నారు. ఆ సీజన్ మొదట్లోనే గాయమై కూచున్నాడు, జట్టు 22 మ్యాచ్‌ల్లో ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. ఇక్కడ గాయాన్ని దురదృష్టమని కొట్టిపారేయడానికి లేదు. కూతకెళ్లినవాడి మోకాలి మీద, చీలమండ మీద నలుగురు పడి లాగే ఆట ఇది. గాయం ధరలో కలిసే ఉండాలి. మంచు లెక్కెయ్యకుండా పాడినవాడు ఉద్దానంలో రెండేళ్లు వ్యాపారం చెయ్యలేడు.

ఈ లీగులో ఒక జట్టు ఆటగాళ్ల మీద పెట్టగలిగే మొత్తానికి పరిమితి ఉంటుంది. 2023 వేలానికి అది జట్టుకి 5 కోట్లు. అంతకుముందు 4 కోట్ల 40 లక్షలు. ఐదు కోట్లలో రెండు కోట్ల అరవై లక్షల యాభై వేలు ఒక్కడికి పోతే మిగిలింది 2 కోట్ల 39 లక్షల 50 వేలు. జట్టులో కనీసం 18 మంది ఉండాలి. మిగతా 17 మందికి సమంగా పంచితే తలకు 14 లక్షలు. ఆ వేలంలో సి వర్గం ఆటగాడి కనీస ధరే 13 లక్షలు, డి వర్గానికి 9 లక్షలు. అంటే పవన్ పక్కన నిలబడే ఆరుగురిని దాదాపు కనీస ధరల్లోనే ఏరుకోవాల్సి వచ్చిందన్నమాట.

పోల్చి చూడండి. 2024 నవంబరులో జెడ్డాలో ఐపీఎల్ వేలం జరిగినప్పుడు లక్నో జట్టు రిషభ్ పంత్‌కి 27 కోట్లు పెట్టిందని దేశమంతా నోరెళ్లబెట్టింది. జట్టు దగ్గర ఖర్చుపెట్టడానికున్నది 120 కోట్లు. అందులో పంత్ వాటా నాలుగోవంతు కూడా కాదు. మన పవన్ వాటా సగం దాటింది. అంకె చిన్నదే, అది చేసిన కన్నం మాత్రం పంత్ ధర చేసినదానికి రెట్టింపు కంటే పెద్దది.

పైగా ఆటేమో కబడ్డీ. టెక్కలిలో నాకు తెలిసిన పీడీ మాస్టారు ఒకాయన ఉన్నారు, రిటైరయ్యారు గానీ సాయంత్రమైతే ఇప్పటికీ గ్రౌండులోనే ఉంటారు. ఆయన్ని అడిగాను, "మాస్టారూ, అంత గొప్ప రైడరుండి కూడా జట్టెందుకు ఓడిపోతుంది?" అని. ఆయన నవ్వి, "రైడరు పట్టుబడితే ఎక్కడుంటాడండీ? బయట బెంచీ మీద. మరి ఆడిని లోపలికి తెచ్చేది ఎవులు?" అన్నారు.

ఆ ఒక్క ప్రశ్నలో ఉంది కిటుకంతా. క్రికెట్‌లో కోహ్లీ అవుటైతే ఆ రోజుకి అంతే, వెనక్కి తెచ్చే బాధ్యత ఎవరికీ లేదు. కబడ్డీలో అవుటైనవాడు మళ్లీ లోపలికి రావాలంటే మిగిలినవాళ్లు పాయింటు తేవాలి, ఒక్కో పాయింటుకి ఒక్కడు చొప్పున, బయటికి వెళ్లిన వరసలోనే. కుడి కార్నర్, ఎడమ కార్నర్ కలిసి ఎదుటి రైడర్ని పట్టుకుంటేనో, ఇంకో రైడర్ పాయింటు తెస్తేనో రెండున్నర కోట్లవాడు మళ్లీ మ్యాట్ ఎక్కుతాడు. కార్నర్‌లు కనీస ధరకు వచ్చినవాళ్లయితే ఆ ఖరీదైన మనిషి బెంచీ మీద కూచుని చప్పట్లు కొడుతుంటాడు. ఎదుటి జట్లకి ఇదేమీ రహస్యం కాదు. పవన్‌ని ముందు పట్టేస్తే తర్వాతి పది నిమిషాలు తమవేనని వాళ్లకి తెలుసు. ఆలౌటైతే రెండు పాయింట్లు అదనం కూడా.

అంటే ఈ ఆటలో గొప్పవాడి విలువ అతని పక్కవాళ్ల మీద ఆధారపడి ఉంటుంది. పక్కవాళ్లని కొనే డబ్బంతా అతనికే ఇచ్చేస్తే అతని విలువ తగ్గించుకున్నట్టే. టైటాన్స్ చేసింది అక్షరాలా ఇదే. 2021-22, 2022, 2023-24, వరసగా మూడు సీజన్లు అట్టడుగు. వరసగా మూడుసార్లు చిట్టచివర నిలవడానికి దురదృష్టం ఒక్కటే చాలదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా పవన్‌దే కావడం తమాషా. 2022లో తమిళ్ తలైవాస్ ఆయన్ని 2 కోట్ల 26 లక్షల 50 వేలకు కొంది, అప్పటికి అదీ రికార్డే. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని పవన్ సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. ఆ జట్టు కుప్పకూలాలి కదా? కూలలేదు. నరేందర్ అని అప్పటిదాకా ఎవరికీ తెలియని కుర్రాడు కూతకెళ్లి 240కి పైగా పాయింట్లు తెచ్చాడు. అప్పటిదాకా ఎన్నడూ సెమీస్ చూడని తలైవాస్ ఆ ఏడాది సెమీస్ ఆడింది. రికార్డు ధర పలికినవాడు లేకుండానే! ఆ కుర్రాడు నరేందర్‌ని వెతికి పట్టుకున్న మనిషెవరో గానీ, వేలం గదిలో చెయ్యెత్తిన పెద్దమనుషులందరికంటే ఎక్కువ జీతం అతనికివ్వాలి.

ఇక్కడ ఆగితే నా వాదన సుఖంగా ఉండేది, పెద్ద ధర పెట్టడమే తప్పని తేల్చేయొచ్చు. కానీ ఇరాన్ నుంచి వచ్చిన మహమ్మద్‌రెజా షాద్లూయి ఒప్పుకోనివ్వడు. 2023లో పుణెరి పల్టన్ అతనికి 2 కోట్ల 35 లక్షలు పెట్టి కప్పు కొట్టింది. ఆ ఫైనల్ మన హైదరాబాద్ గచ్చిబౌలిలోనే జరిగింది, 28-25తో హరియాణాని ఓడించి. 2024లో అదే హరియాణా అదే షాద్లూయిని 2 కోట్ల 7 లక్షలకు తెచ్చుకుని కప్పు కొట్టింది. అయితే పెద్ద ధర పనిచేస్తుందన్నమాట! ఇంకొక ఏడాది ఆగండి. 2025లో గుజరాత్ జెయింట్స్ అతనికి 2 కోట్ల 23 లక్షలు పెట్టింది. గుజరాత్ మొదటి ఎనిమిది జట్లలోకి కూడా రాలేదు. ఆ వేలంలోనే బెంగాల్ వారియర్జ్ దేవాంక్ దలాల్‌కి 2 కోట్ల 20 లక్షల 50 వేలు పెట్టింది. అంతకుముందు పట్నాలో 300 పాయింట్లు దాటించిన కుర్రాడు. బెంగాలూ అంతే, ఎనిమిదిలో లేదు.

మూడేళ్లు, ఒకే మనిషి, దాదాపు ఒకే ధర. రెండు కప్పులు, ఒక సున్నా. తేడా ఎక్కడుంది? పుణెకి అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్, పంకజ్ మోహితే లాంటి కుర్రాళ్లు అప్పటికే ఉన్నారు. చిన్నప్పుడే తీసుకుని, తక్కువలో అట్టిపెట్టుకుని, బి.సి. రమేశ్ లాంటి కోచ్ చేతిలో పెట్టి పెంచుకున్నవాళ్లు. జట్టంతా తయారయ్యాక మిగిలిన ఒక్క ఖాళీ ఎడమ కార్నర్, ఆ ఖాళీకి షాద్లూయిని తెచ్చారు. హరియాణా కూడా అంతే. జైదీప్, రాహుల్ సేత్‌పాల్ రక్షణలో పాతుకుపోయాక, ఒకసారి ఫైనల్లో ఓడాక, చివరి మెట్టు కోసం డబ్బు పెట్టింది. మన టైటాన్స్ మొదటి మెట్టుకే డబ్బంతా పెట్టేసింది. మొదలు ఎవరితో పెట్టాలో తెలియని జట్టుకి ఏ ధరైనా ఎక్కువే.

ఇదే లెక్క అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ కనిపిస్తుంది. అక్కడ కాంట్రాక్టు తీరినవాడు నచ్చిన జట్టుకి పోవచ్చన్న హక్కు 1993లో వచ్చింది. మరుసటేడు నుంచి జట్ల జీతాల మొత్తానికి పరిమితి కూడా. మొదటి ఏడాదే గ్రీన్‌బే జట్టు రెజీ వైట్ అనే రక్షణ ఆటగాడికి నాలుగేళ్లకు కోటీ 70 లక్షల డాలర్లిచ్చింది. నాలుగో సీజన్లో కప్పు కొట్టింది. ఆ తర్వాత ఎక్కువన్న మాట ఎవరూ అనలేదు. 2009లో వాషింగ్టన్ జట్టు ఆల్బర్ట్ హేన్స్‌వర్త్‌కి ఏడేళ్లకు పది కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాసింది. రెండు సీజన్లలో మొహం మొత్తి పంపించేసింది. 2006లో డ్రూ బ్రీస్ భుజం విరిగినంత పనై ఉన్నాడు. మయామి జట్టు డాక్టర్లు వెనకాడారు. న్యూ ఆర్లియన్స్ ఆరేళ్లకు ఆరు కోట్ల డాలర్లిచ్చి తీసుకుంది. 2010 ఫిబ్రవరిలో ఆ ఊరికి మొదటి కప్పు వచ్చింది.

ఈ మూడింట్లో నాకు పనికొచ్చింది ఒక్కటే. కాంట్రాక్టు తీరి బజారులోకి వచ్చిన ఆటగాణ్ని మీరు కొంటున్నారంటే, అతన్ని రోజూ దగ్గరుండి చూసిన జట్టు వదులుకుందని అర్థం. అతని మోకాలెలా ఉంది, పొద్దున్నే గ్రౌండుకి టైముకొస్తాడా, ఓడిన రాత్రి ఎలా ఉంటాడు, ఇవన్నీ పాత జట్టుకి తెలుసు, మీకు తెలియదు. కబడ్డీలో దీనికి చక్కటి ఏర్పాటుంది. వేలంలో ఆఖరి పాట ఎంతకి ఆగిందో అదే ధరకి పాత జట్టు కార్డు చూపించి తన ఆటగాణ్ని వెనక్కి తీసుకోవచ్చు. పాత జట్టు కార్డెత్తలేదంటే ఒక్కోసారి చేతిలో డబ్బు లేక కావచ్చు. ఒక్కోసారి ఆ ధరకి వద్దనుకుని కావచ్చు. తోటగలవాడు తానే కాపు దింపుకోకుండా ఎందుకు అమ్ముతున్నాడో కనుక్కోకుండా మా వాళ్లెవరూ నోరు విప్పరు.

2025 వేలంలో టైటాన్స్ ఈ పని సరిగ్గా చేసింది, మెచ్చుకోవాలి. పవన్ కోసం కార్డెత్తలేదు. ఆయన 59 లక్షల 50 వేలకే మళ్లీ తలైవాస్‌కి పోయాడు. రెండేళ్ల ముందటి 2 కోట్ల 60 లక్షలు చూడండి, ఈ ధర చూడండి! దానికి బదులు అంతకుముందు సీజన్లో 20 లక్షలకు తెచ్చుకున్న విజయ్ మాలిక్‌ని 51 లక్షల 50 వేలకు అట్టిపెట్టుకుంది. పవన్ గాయపడ్డప్పుడు జట్టుని మోసింది ఆ కుర్రాడే. భరత్ హుడాని 81 లక్షలకు తెచ్చుకుంది. ఆ సీజన్‌కి కోచ్‌గా క్రిషన్ కుమార్ హుడా ఉన్నాడు, ఢిల్లీకి ఒకసారి కప్పు తెచ్చిపెట్టిన మనిషి. ఆగస్టు 29న సీజన్ విశాఖలోనే మొదలైంది. మా కుర్రాళ్లు కొందరు పలాసలో రైలెక్కి వెళ్లారు. మొదటి మ్యాచే తలైవాస్‌తో, పవన్ అటువైపు. టైటాన్స్ 35-38తో ఓడింది. తెల్లారి ఫోన్ చేసి మా మేనల్లుడు, "మావయ్యా, చూసినావా, వదిలేసినోడే మనల్ని ఓడించీసినాడు" అని ఏడవలేక నవ్వాడు. సీజన్ అయ్యేసరికి కథ తిరగబడింది. తలైవాస్‌కీ పవన్‌కీ సీజన్ మధ్యలోనే చెడింది. టైటాన్స్ మొదటి నాలుగు జట్లలో నిలిచి, రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లి పుణె చేతిలో ఓడింది. మూడుసార్లు అట్టడుగున పడ్డ జట్టుకి అది చిన్న సంగతి కాదు. ఆ ఏడాది ఎవరి మీదా రెండు కోట్లు పెట్టలేదని గమనించండి.

ఇప్పుడు ఆటగాడి వైపు నుంచి చూద్దాం, ఎందుకంటే టీకొట్టు తీర్పులన్నీ చివరికి ఆటగాణ్ని తిట్టడంతోనే ముగుస్తాయి. పవన్‌కి 2 కోట్ల 60 లక్షలు ఎక్కువా? పంత్ ఒక్క ఏడాది ధరలో పవన్ లాంటివాళ్లు పదిమంది వస్తారు. ఐపీఎల్ ప్రసార హక్కులు 2023 నుంచి ఐదేళ్లకు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. ఆ సముద్రం పక్కన కబడ్డీ ఒక చెరువు. ఏ పల్లెటూరి మట్టిలోనో కూత నేర్చి, ముప్పై దాటేసరికి మోకాళ్లు అరిగిపోయే మనిషి దొరికిన రోజున ఎంత దొరికితే అంత తీసుకోవాలి. నేనైనా అదే చెబుతాను. పాడినవాడి ఆశకి పాడించుకున్నవాణ్ని తిట్టడమేంటి?

యజమాని కూడా నష్టపోడు, ఈ మాట జనానికి ఎక్కదు. జట్టు మొత్తం ఖర్చుకి పరిమితి ఉన్నప్పుడు యజమాని జేబులోంచి పోయేది ఎలాగూ దాదాపు ఐదు కోట్లే. పవన్‌కి కోటీ ఇచ్చినా రెండున్నర ఇచ్చినా అతని లెక్క మారదు. మారేది తొమ్మిది లక్షలకు వచ్చిన డి వర్గం కుర్రాడి లెక్క. ఎక్కువ పెట్టిన ప్రతి రూపాయీ పక్కన నిలబడే కార్నర్ జేబులోంచి, ఇంకా పేరు రాని రైడర్ జేబులోంచి వచ్చిందే. అందుకే నాకు ఈ రికార్డు ధరల మీద కోపం. డబ్బున్నవాడి డబ్బు వృథా అవుతోందని కాదు. ఏడో ఆటగాడికి రావాల్సింది మొదటివాడికి పోతోంది, ఆ ఏడోవాడు సరిగా లేక మొదటివాడూ గెలవలేకపోతున్నాడు.

ఈ జబ్బు పెద్ద లీగులదే అనుకోకండి. సంక్రాంతికి మా ఉద్దానం ఊళ్లలో కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెడతారు. ఊరంతా చందాలేసుకుంటారు, దుబాయ్ వెళ్లినవాళ్లు, విశాఖలో ఉద్యోగం చేసేవాళ్లు కూడా పంపిస్తారు. ఆ డబ్బుతో బయటినుంచి ఒకరిద్దరు పేరున్న ఆటగాళ్లను తెస్తారు. వాళ్లకి రానుపోను ఖర్చు, భోజనం, రోజుకింత. మూడు రోజులు ఆడి వెళ్లిపోతారు. కప్పు వస్తే ఊరేగింపు, రాకపోతే తిట్లు. ఏడాదంతా సాయంత్రాలు ఇసుకలో ప్రాక్టీసు చేసిన ఊరి కుర్రాడు పండగ మూడు రోజులూ గీత బయట కూచుని గెస్ట్ ఆటగాడి చొక్కా మోస్తాడు. ఆ చందాలో సగంతో ఊళ్లో ఒక మ్యాట్ వేయించొచ్చు. మ్యాట్ మీద ఆడటం రాని కుర్రాణ్ని ఏ జట్టూ సెలక్షన్లో చూడదు. ఇసుకలో ఎంత బాగా ఆడినా మ్యాట్ మీద కాలు జారుతుంది. ఉద్దానం నుంచి పోలీసు, ఆర్మీ సెలక్షన్లకు పరుగులు తీసే కుర్రాళ్లకు కొదవ లేదు. కబడ్డీ మ్యాట్లకు మాత్రం కొదవే.

జట్టు పేరు తెలుగు టైటాన్స్. కూతకెళ్లేవాళ్లలో తెలుగు కుర్రాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హరియాణా వాళ్లు వద్దనడం లేదు, వాళ్లు బాగా ఆడతారు, వాళ్ల ఊళ్లలో అఖాడాలున్నాయి, చిన్నప్పటినుంచి కోచ్‌లున్నారు. కానీ కొత్త కుర్రాళ్లను చిన్న ధరకు తీసుకుని పెంచుకునే అవకాశాన్ని లీగే కల్పించింది. తలైవాస్‌కి నరేందర్ దొరికింది ఆ దారిలోనే. శ్రీకాకుళం జిల్లాకి ఇది తెలియని దారి కాదు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ దాకా వెళ్లి కాంస్యం తెచ్చింది. ఆమెని ఎవరూ వేలంలో కొని తేలేదు. ఊళ్లో వ్యాయామశాల ఉంది, బరువులెత్తడం నేర్పే గురువున్నాడు, అక్కచెల్లెళ్లు కూడా ఎత్తారు.

ఫుట్‌బాల్‌లో కూడా మనకి ఇలాంటి కథే ఉంది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కోచ్ రహీమ్ సాబ్ పోలీసు గ్రౌండులో కుర్రాళ్లను తయారుచేసిన రోజులవి. ఆ కుర్రాళ్లలో ఎందరినో కలకత్తా క్లబ్బులు ఎత్తుకుపోయాయి, అప్పుడు మనం అమ్మేవైపు ఉన్నాం. మన రోజుల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది 2019లో. 2022 మార్చిలో గోవాలో కేరళని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ కుర్రాళ్లను నిలబెట్టి గెలిపించాడు. ఏడాదిన్నర తిరిగేసరికి జీతాలు అందక ఆటగాళ్లు గుంపుగా వెళ్లిపోయారు. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. ఒక్క ఆటగాడికి ఎక్కువ ఇవ్వడం ఒక తప్పు. ఒప్పుకున్నది ఎవరికీ ఇవ్వకపోవడం దానికంటే పెద్ద తప్పు. దాని గురించి టీకొట్ల దగ్గర ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అందులో కోట్ల అంకె లేదు.

క్రికెట్ సంగతి ఒక్క మాట. 2008లో డెక్కన్ చార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌కి 13 లక్షల 50 వేల డాలర్లు పెట్టింది, ధోనీ తర్వాత అప్పటికి అదే ఎక్కువ ధర. ఆ జట్టు 14లో రెండు గెలిచి చివర నిలిచింది. మరుసటేడు దాదాపు అదే జట్టు దక్షిణాఫ్రికాలో కప్పు కొట్టింది. సన్‌రైజర్స్ 2023 డిసెంబరులో ప్యాట్ కమిన్స్‌కి 20 కోట్ల 50 లక్షలు పెట్టి, అతన్నే కెప్టెన్ని చేసి ఫైనల్‌కెళ్లింది. క్రికెట్ పర్సు పెద్దది, ఒకడి ధర మిగతా పదిమందిని మింగెయ్యదు. కబడ్డీకి ఆ వెసులుబాటు లేదు.

కాబట్టి వచ్చే వేలంలో టైటాన్స్ బల్ల దగ్గర కూచునే పెద్దలకి నాదొక విన్నపం. ముందు కుడి కార్నర్ ఎవరు, ఎడమ కార్నర్ ఎవరు, కవర్లలో ఎవరు అన్నది కాగితం మీద రాసుకుని ఆ నలుగురికీ డబ్బు పక్కన పెట్టండి. ఏ ఒక్క పేరుకీ పర్సులో మూడోవంతు దాటకూడదని గీత గీసుకుని, ఆ గీత మీద సంతకం చేసిన మనిషిని వేలం గదిలోకి పంపండి, వేడిలో చెయ్యెత్తే మనిషిని కాదు. పాట పెరుగుతున్నప్పుడు ఆ ఆటగాడి పాత జట్టు బల్ల వైపు ఒకసారి చూడండి, కార్డు తీస్తున్నారా, కాఫీ తాగుతున్నారా అని. ఆ మిగిలిన లక్షల్లో కొన్ని తెచ్చి పలాసలోనో, సోంపేటలోనో, టెక్కలిలోనో ఒక మ్యాట్ పరిచి సెలక్షన్ పెట్టండి. పీడీ మాస్టారు పిల్లల పట్టిక రాసి పెట్టుకునే ఉన్నారు. వాళ్లలో ఒకడు ఎడమ కార్నర్‌లో బాగా పడతాడట.